పాత చర్చి వ్యానుకు ఫ్రంట్ గేరు వేసిన కథ

ఫోర్డ్ కంపెనీ ఎకనోలైన్ వ్యాన్లను 1960ల మొదట్లోంచి 2014 దాకా అమ్మింది. అంబులెన్సులు, హోటల్ షటిళ్లు, ప్లంబర్ల బళ్లు, అమెరికాలో ఏ వీధిలో చూసినా అవే. కానీ నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే, అంటే ఫోర్‌వీల్ డ్రైవ్ లేదా ఫ్రంట్ గేరు ఉన్న ఎకనోలైన్ మాత్రం ఫోర్డ్ ఫ్యాక్టరీలో తయారవలేదు. కావాలంటే బండి కొని, పెన్సిల్వేనియాలోని క్విగ్లీ లాంటి వాళ్ల దగ్గర మార్పించుకోవాలి. వాళ్లు తీసుకునే డబ్బుతో మా వ్యాను లాంటివి మూడు కొనొచ్చు. నార్త్ కెరొలినాలో యూజాయింట్ ఆఫ్‌రోడ్ వాళ్లు ఇంట్లో బిగించుకునే కిట్లు అమ్ముతారు. అవీ చూశాను. చివరికి దెబ్బతిన్న ట్రక్కు ఒకటి కొని, దాని కింది సామానంతా మా వ్యానుకు ఎక్కించుకునే దారి పట్టాను.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో. మాది 2001 మోడల్ ఈ-350, 12 సీట్లది. ఒక చర్చి వాళ్లు కొత్త బండి కొనుక్కుని దీన్ని అమ్మేస్తుంటే తీసుకున్నాను. పక్కన చర్చి పేరు తాలూకు స్టిక్కర్ పీకేసినా, ఎండకు వెలసిన రంగులో ఆ అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. 6.8 లీటర్ల వీ10 ఇంజిన్. పెట్రోలు తాగడంలో దానికదే సాటి. రెండు మూడు కుటుంబాలు కలిసి క్యాంపింగ్‌కు వెళ్లాలంటే ఇంతకంటే మంచి బండి లేదు. చిక్కంతా చలికాలంలోనే. ఇంజిన్ వెనక చక్రాలనే తిప్పే బండి, ముందు భాగంలో ఇంజిన్ బరువు, ఖాళీగా ఉంటే వెనక బరువే ఉండదు. మంచు పడ్డ రోజు మా వీధి చివర చిన్న ఎత్తు ఎక్కడానికే వెనక్కి జారేది.

ఐ-70 హైవే మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం, అంటే మంచులో టైర్ల పట్టు గురించిన చట్టం అమల్లో ఉంటుంది. ఫోర్‌వీల్ డ్రైవే ఉండాలని ఆ చట్టం అనదు. మంచుకు తగ్గ టైర్లు ఉన్నా చాలు, గొలుసులు కట్టుకున్నా చాలు. కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే మంచి వింటర్ టైర్లు నాలుగు కొంటే నా అవసరం ముప్పాతిక వంతు తీరిపోయేది. మా ఆవిడ అదే అంది. మిగిలిన పాతిక వంతు సాన్ హువాన్ కొండల్లోని మట్టిదారులు. వాటి కోసమే ఇదంతా.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టల పని, అంటే లారీల కింద ఉండే ఇనుప పట్టీల స్ప్రింగుల పని చేశారు. లారీల కింద పడుకుని కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పడం, కుంగిన పట్టీలకు వంపు పెట్టడం, విరిగిన మెయిన్ పట్టీ మార్చడం, జీవితమంతా అదే. ఆ ఏడు అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చి ఉన్నారు. వ్యాను సంగతి చెప్పగానే నాన్న మొదట అడిగింది, "ఇక్కడ ఆర్టీవో వాడు ఊరుకుంటాడా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండిని ఇలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం కుదరదని చెప్పింది. ఇది చదివి అక్కడ ఎవరైనా ఓమ్నీకి ఫ్రంట్ గేరు వేద్దామనుకుంటే ముందు ఆ సంగతి చూసుకోండి. కొలరాడోలో సొంత బళ్లకు ఏటా సేఫ్టీ తనిఖీ లేదు. డెన్వర్ చుట్టుపక్కల పొగ పరీక్ష ఉంది, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి, అంతే. తనిఖీ లేదంటే బాధ్యత మొత్తం మన నెత్తిన ఉన్నట్టే. అందుకే ప్రతి బోల్టూ ఇంకొకరి చేత చూపించుకున్నాను.

ఏ ఇరుసు వేయాలన్న దాని మీద చాలా రోజులు ఆలోచించాను. వ్యాను చక్రానికి ఎనిమిది బోల్టులు, వాటి వలయం అడ్డుకొలత 165.1 మిల్లీమీటర్లు. 1999 నుంచి వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులకూ ఎనిమిదే బోల్టులు, కానీ వలయం 170 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి ఆనదు. చక్రం ఎక్కించబోతే రెండు బోల్టులు దూరతాయి, మిగతావి అంచుకు తగిలి ఆగిపోతాయి. ఐదు మిల్లీమీటర్లు కూడా లేని ఈ తేడా వల్ల ముందు ఒక రకం చక్రాలు, వెనక ఒక రకం, రెండు స్టెప్నీలు అవసరమవుతాయి. 1997కి ముందు ట్రక్కుల ఇరుసైతే బోల్టులు సరిపోతాయి. కానీ జంక్‌యార్డుల్లో నేను చూసినవాటికి ముందు చక్రాల దగ్గర ఏబీఎస్ సెన్సార్లు లేవు, పైగా అన్నీ అరిగి ఉన్నాయి. దాంతో ముందూ వెనకా రెండు ఇరుసులూ ఒకే ట్రక్కువి వేసేద్దామని తేల్చుకున్నాను.

దొరికింది 2002 ఎఫ్-350, సూపర్ డ్యూటీ ట్రక్కే. బోల్తా పడిన బండి. ఇన్సూరెన్స్ వేలంలో కొన్నాను. ఇలాంటి పనికి బోల్తా పడ్డ బండే నయం. పైన క్యాబిన్ నుజ్జయినా కింద ఛాసిస్, ఇరుసులు, గేర్‌బాక్స్ మామూలుగానే ఉంటాయి. ముందు నుంచి గుద్దుకున్న బండిని మాత్రం ముట్టుకోకూడదు. దీనిదీ వీ10 ఇంజినే కావడం నాకు కలిసొచ్చింది. ఫోర్డ్ వాళ్ల 4ఆర్100 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీజిల్ ట్రక్కుల్లోనూ ఉంటుంది. కానీ దానికి ఇంజిన్‌ను పట్టుకునే బెల్ హౌసింగ్ పోతలోనే కలిసి ఉంటుంది, డీజిల్ బోల్టుల వరస వేరు. చవగ్గా వస్తోంది కదా అని డీజిల్ ట్రక్కు గేర్‌బాక్స్ తెచ్చుకుంటే వీ10కి బిగదు.

మా వ్యానులోనూ 4ఆర్100 గేర్‌బాక్సే ఉంది. మరి దాన్నే ఉంచి వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ముందు ఇరుసుకూ శక్తి పంచే పెట్టె తగిలించొచ్చు కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. రెండు చక్రాల గేర్‌బాక్సుకు వెనక షాఫ్టు వేరు, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పి పరచాలి. ఆ పని నా వల్ల కాదు. ట్రక్కు గేర్‌బాక్సును దాని ఎన్‌వీ271 ట్రాన్స్‌ఫర్ కేసుతో సహా దించి ఇందులో ఎక్కించడమే తేలిక. ఈ ఎన్‌వీ271 చేత్తో లాగే లీవరుది. బటన్ నొక్కితే మోటారు మార్చేది ఇంకోటుంది, ఎన్‌వీ273. పాత బండికి లీవరే మేలని నా అభిప్రాయం. మంచులో బిగుసుకునే మోటారు ఒకటి తగ్గుతుంది.

నాన్న ట్రక్కు కిందికి దూరి, వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్ మూత బోల్టుకు వేలాడుతున్న రేకు ముక్కను తుడిచి చూపించారు. దాని మీద 4 30 అని ఉంది. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 4.30 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఆ అంకెల మధ్య ఎల్ అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే ఏర్పాటు ఉన్నట్టు. మాదానికి లేదు. ముందు ఇరుసుకు రేకు ఊడిపోయింది. మూత విప్పి, నూనెలో వేళ్లు పెట్టి పళ్లు లెక్కపెట్టాం. షాఫ్టు చివరి చిన్న పళ్లచక్రం పినియన్‌కు 10, అది తిప్పే పెద్దది క్రౌన్‌కు 43. ఒకే ట్రక్కువి కాబట్టి కలవాలి. అయినా ఇరవై ఏళ్లలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు? ముందు 4.10, వెనక 4.30 ఉంటే ఫోర్‌వీల్‌లో వేసిన క్షణం నుంచి రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చివరికి ట్రాన్స్‌ఫర్ కేసులో గొలుసో, ఇంకోటో తెగుతుంది. మా వ్యానులో ఉన్నది 3.73. వెనక ఇరుసు కూడా మార్చడానికి ఇదింకో కారణం.

ఇక విప్పడం. ఎకనోలైన్ ముందు సస్పెన్షన్‌ను ట్విన్ ఐ-బీమ్ అంటారు. అడ్డంగా రెండు పెద్ద దూలాలు, ఒక్కో చక్రానికి ఒకటి, వాటి మీద కాయిల్ స్ప్రింగులు. దూలాలు బోల్టులతో ఊడి వస్తాయి. వాటిని పట్టుకునే బ్రాకెట్లు మాత్రం ఛాసిస్‌కు రివెట్లతో కొట్టి ఉంటాయి, ఊడదీయాలనే ఉద్దేశంతో బిగించినవి కావు. ఒక్కో రివెట్ తలను గ్రైండర్‌తో చదును చేయాలి, మధ్యలో సెంటర్ పంచ్ కొట్టాలి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి పెద్ద డ్రిల్లు దాకా వెళ్లాలి, తర్వాత పంచ్ పెట్టి సుత్తితో ఇవతలికి కొట్టాలి. ఛాసిస్‌కు రివెట్ పట్టిన చోట తుప్పు ఉంటే ఇంకో పూట. ఎయిర్ హామర్ అద్దెకు తెచ్చాక పని కాస్త కదిలింది గానీ ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికి వచ్చింది. గ్రైండర్ నిప్పురవ్వలు గ్యారేజ్ తలుపు అద్దం మీద పడి సన్న మచ్చలు పడ్డాయి. అవి ఇప్పటికీ పోలేదు. ఎవరైనా ఇది చేస్తే అద్దాలకు, పెట్రోల్ గొట్టాలకు, బ్రేకు గొట్టాలకు తడి గోనెపట్టా కప్పండి. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచండి.

ఆ చప్పుళ్ల తర్వాతే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాకిట్లో కదలని వాహనం ఉండకూడదట. వ్యాను స్టాండ్ల మీద ఉంది, నిజమే. కింద ముందు ఇరుసే లేదు మరి. ఎత్తైన వ్యాను గ్యారేజీలోకి దూరదు. కొంత గడువు అడిగి, నాలుగు వైపులా నీలం టార్పాలిన్ కట్టాను. దానికి ఇంకో ఉత్తరం వచ్చింది, టార్పాలిన్ రంగు గురించి.

కమాన్ కట్టలు బిగించడంతో అసలు పని మొదలైంది. నాన్న మాట ఒకటే: "ముందు కమాన్లు ఎక్కడ కూర్చుంటాయో చూడు. గేర్‌బాక్స్ సంగతి తర్వాత చూద్దాం." ట్రక్కు ముందు కట్టలే వాడాం. వాటికి కొత్త హ్యాంగర్లు అర అంగుళం ప్లేటుతో చేయించి ఛాసిస్‌కు బిగించాలి. కట్ట చివర ఊగే లంకెను, అంటే షాకిల్‌ను వెనక వైపు పెట్టాం. అలా పెడితే గుంత అంచు తగిలినప్పుడు చక్రం దెబ్బతో పాటు కొంచెం వెనక్కి జరుగుతుంది, దెబ్బ స్టీరింగ్ దాకా తక్కువ వస్తుంది. నాన్న కట్ట మొత్తం విప్పి, ఒక్కో పట్టీని సుత్తితో చిన్నగా తట్టి చప్పుడు విన్నారు. ఒకదాని దగ్గర ఆగి, "ఇది మార్చు" అన్నారు. చూస్తే ఏమీ కనిపించలేదు. వైర్ బ్రష్‌తో రుద్దాక సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు బయటపడింది. యూ బోల్టులు పాతవి వాడనివ్వలేదు. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ బిగువు పట్టదని ఆయన వాదన. ఇక్కడి మాన్యువల్‌లోనూ అదే ఉంది.

హ్యాంగర్ల వెల్డింగ్ నేను చేయలేదు. నాకు వెల్డింగ్ వచ్చు, గేట్లు, బల్లలు అతికేంత వచ్చు. పన్నెండు మంది కూర్చునే బండికి కమాన్లు, స్టీరింగ్ అతకడం వేరు. రెండిళ్ల అవతల పైపులైన్ వెల్డర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన్నే అడిగాను. వచ్చి చూసి, ముందు నేను గ్రైండ్ చేసిన చోట్లన్నీ మళ్లీ గ్రైండ్ చేయించారు. పెయింటు మచ్చ కనిపిస్తే అతకనన్నారు. బ్యాటరీ వైరు తీయించారు. ఛాసిస్‌కు అడ్డంగా ఎక్కడా అతకలేదు. అలా అతికితే ఆ గీత వెంటే ఛాసిస్ విరుగుతుందట. ఎక్కడెక్కడ వీలైతే అక్కడ గట్టి రకం గ్రేడ్ 8 బోల్టులే.

ఇప్పుడు ఈ పని మొత్తానికీ కీలకమైన చోటికి వద్దాం. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది, అందుకే చేతులు వదిలినా తిన్నగా పోతుంది. బండి ముందు చక్రాలు కుడికీ ఎడమకూ మలుపు తిరిగే అక్షానికీ అలాంటి వాలు ఉండాలి. దాన్ని కాస్టర్ అంటారు. ఇలాంటి బండికి సుమారు 3 నుంచి 5 డిగ్రీలు ఉండాలి. తగ్గితే బండి రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకా తగ్గితే ఏదో గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు ఊగుతాయి. ఇక్కడివాళ్లు దాన్ని డెత్ వాబుల్ అంటారు, పేరు అతిశయోక్తి కాదు.

ఇంకో పక్క పినియన్ ఉంది. ముందు ఇరుసు పినియన్ ముక్కు వెనక్కి, ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూస్తుంది. బండి ఎత్తు ఆరంగుళాలు లేచింది కాబట్టి, షాఫ్టు సాఫీగా తిరగాలంటే ఆ ముక్కు పైకి లేవాలి. ఇరుసు ఒకే దుంగ కదా, చక్రాలు మలుపు తిరిగే కీళ్లు, నకుల్స్, పట్టే చోట్లు దానికే అతికి ఉన్నాయి. పినియన్‌ను ఎన్ని డిగ్రీలు పైకి లేపితే కాస్టర్ అన్ని డిగ్రీలు తగ్గుతుంది. రెండూ ఒకేసారి బాగుండవు. ఇరుసును తాత్కాలికంగా చుక్కల టాక్ వెల్డింగ్‌తో నిలబెట్టి, ఇంజిన్, గేర్‌బాక్స్ బరువంతా కమాన్ల మీద పడేలా బండిని నేల మీదికి దించి, యాంగిల్ గేజ్ పెట్టి చూశాం. పినియన్ తిన్నగా ట్రాన్స్‌ఫర్ కేసును చూస్తే కాస్టర్ ఒక డిగ్రీ. కాస్టర్ నాలుగు డిగ్రీలు చేస్తే పినియన్ మూడు డిగ్రీలు కిందికి చూస్తోంది.

నాన్న పినియన్ వైపే. లారీ పని చేసినవాళ్లకు షాఫ్టు కీళ్లు, అంటే క్రాస్‌లు విరిగిన అనుభవాలు ఎక్కువ. పెద్దాయన స్టీరింగ్ వైపు. నేను మధ్యలో అటు మాట ఇటు, ఇటు మాట అటు తెలుగులోకీ ఇంగ్లిష్‌లోకీ మార్చి చెబుతూ నిలబడ్డాను. నన్ను తేల్చుకోనిచ్చింది ఒక్క విషయం. మా ముందు హబ్బులు చేత్తో లాక్ చేసేవి, అంటే నాబ్ తిప్పితే చక్రాన్ని ఇరుసు షాఫ్టుకు కలిపేవి, వెనక్కి తిప్పితే వదిలేసేవి. హబ్బులు వదిలి, ట్రాన్స్‌ఫర్ కేస్ టూవీల్‌లో ఉన్నప్పుడు ముందు షాఫ్టు తిరగదు, గంటకు 65 మైళ్లలో పోతున్నా ఊరికే వేలాడుతూ ఉంటుంది. అది తిరిగేది మంచులో, మట్టిలో, నెమ్మదిగా. కాస్టర్ మాత్రం ప్రతి మైలూ పనిచేయాలి. కాబట్టి కాస్టర్‌కే పెద్దపీట. పైన డబుల్ క్రాస్ ఉన్న షాఫ్టు వేస్తే ఆ మూడు డిగ్రీలను చాలావరకు అదే మింగేస్తుంది. ఈ మాట చెప్పాక నాన్న కాసేపు బల్ల మీద కూర్చుని, హబ్బు నాబ్ తిప్పి చూసి, "సరే, అలాగే కానీ" అన్నారు. అప్పుడే పూర్తి వెల్డింగ్ వేయించాను.

గేర్‌బాక్స్ ఎక్కించడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బరువు తప్ప. ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకు తెచ్చుకోండి, మామూలు జాకుతో ప్రయత్నించొద్దు. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ నెడితే టక్, టక్, టక్ అని మూడుసార్లు లోపలికి దిగాలి. రెండుసార్లే దిగితే పంప్ పళ్లు పట్టలేదన్నమాట. ఆ స్థితిలో బోల్టులు బిగిస్తే పంప్ పగులుతుంది. కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ కొత్తది చేయించాం. సైలెన్సర్ గొట్టం ముందు షాఫ్టు దారికి అడ్డొచ్చింది, దాన్ని కోసి పక్కకు తిప్పాం. ట్రక్కు ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా పోయే గేరు) వైరు ఒకటి ఇంజిన్ కంప్యూటర్ దాకా లాగాలి. అది లేకపోతే లో రేంజ్‌లో గేర్లు మారే వేళ తప్పుతుంది. వెనక ఇరుసుకు డిస్క్ బ్రేకులు, హ్యాండ్ బ్రేకు కేబుల్ కుదర్చడం, పొడవు బ్రేకు హోసులు, ఇవన్నీ ఓపిక పనులు.

షాఫ్టుల దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ట్రాన్స్‌ఫర్ కేస్ వచ్చి చేరడంతో వెనక షాఫ్టు కురచ చేయించాలి, ముందుది కొత్తగా చేయించాలి. కొలతలు కాగితం మీద రాసి, బొమ్మ గీసి ఊళ్లో ఒక షాపులో ఇచ్చాను. ముందు షాఫ్టు ఒక అంగుళం పొడవుగా వచ్చింది. బండి నిలబడి ఉన్నప్పుడు బిగించి చూస్తే బాగానే ఉంది. ఇరుసును జాకుతో దాని పై హద్దైన బంప్ స్టాప్‌కు తగిలేదాకా లేపితేనే తెలిసింది, షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్‌లో ఆట పూర్తిగా అయిపోయి గట్టిగా తన్నుకుంది. అలాగే గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగు మీద పడేది. షాపు వాళ్లు మొదట నా కొలతే తప్పన్నారు. కాగితం తీసి చూపించాక మళ్లీ కోసి ఇచ్చారు, బ్యాలెన్సింగ్ డబ్బు మాత్రం రెండోసారి కూడా తీసుకున్నారు. ఎవరు చేసిచ్చిన షాఫ్టైనా సరే, ఇరుసు పూర్తిగా పైకి లేపి ఒకసారి, పూర్తిగా వేలాడదీసి ఒకసారి చూసుకోండి.

స్టీరింగ్‌కు వ్యాను బాక్సే ఉంచాం. బండి లేచింది కాబట్టి ఆ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ, డ్రాగ్ లింక్ ఏటవాలుగా అయింది. అలా వదిలేస్తే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. బాక్సు కింద ఊగే చేయి, పిట్‌మన్ ఆర్మ్, కిందికి వంగినది వేసి లింక్‌ను దాదాపు నేలకు సమాంతరంగా తెచ్చాం. ఊగుడు వస్తే దాన్ని అణిచే స్టీరింగ్ డాంపర్ వేసుకో, పోతుందని చాలామంది చెబుతారు. డాంపర్ ఆ జబ్బును కనపడకుండా దాస్తుంది, అంతే. కాస్టర్, బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, టైర్ బ్యాలెన్స్, ఇవి సరిగా ఉంటే డాంపర్ అవసరం నామమాత్రం.

టైర్లు ఎల్‌టీ285/75ఆర్16. పాతవి ఎల్‌టీ245/75ఆర్16. అడ్డుకొలత 30.5 అంగుళాల నుంచి 32.8 అంగుళాలకు పెరిగింది. ముందు ఫెండర్ల అంచు కాస్త కోసి మడవాల్సి వచ్చింది. మీటరు 60 చూపిస్తే బండి దాదాపు 65 మీద పోతోంది. పోలీసులకు ఆ లెక్క చెప్పుకోలేం కదా, బండి కంప్యూటర్ సెట్టింగులు మార్చే చేతి ట్యూనర్‌తో టైరు సైజు సరిచేశాను. 4.30 గేరుకు ఈ టైరు కలిస్తే పాత టైర్లతో 4.0 వేసినట్టు లెక్క. పాత 3.73 కంటే ఎత్తు ఎక్కడం ఇంకా తేలికే అయింది.

రోడ్డు మీదికి తీసిన రోజు ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో తిప్పి, తర్వాత 30, 45, 60 ఇలా వేగం పెంచుతూ పోయాను. 45 దగ్గర చిన్న పగులు మీదుగా కావాలనే పోనిచ్చాను. స్టీరింగ్ ఒకసారి అదిరి ఆగింది. అలైన్‌మెంట్ షాపులో కాస్టర్ ఎడమ వైపు 4.1, కుడి వైపు 3.9 వచ్చింది. ఆ చీటీ ఫొటో తీసి విజయవాడకు పంపాను. అప్పటికి వాళ్లు వెళ్లిపోయారు. నాన్న అంకెల మాట ఎత్తలేదు. "యూ బోల్టులు మళ్లీ బిగించావా?" అని అడిగారు. 500 మైళ్లకు ఒకసారి బిగించాలి, పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి. బిగించాను, ప్రతిదీ దాదాపు పావు మలుపు తిరిగింది.

వేసవిలో సాన్ హువాన్ కొండల్లోని ఓఫిర్ పాస్ అనే కనుమకు తీసుకెళ్లాం. 11,789 అడుగుల ఎత్తు. సిల్వర్టన్ దగ్గర 550 హైవే నుంచి ఎక్కేవైపు తేలికే. పడమర వైపు దిగేటప్పుడే కొండ కొండంతా పగిలిన రాళ్లు, వాటి మధ్య ఒక్క బండి పట్టే దారి, ఒకపక్క లోయ. 17 అడుగుల పైచిలుకు పొడవున్న వ్యానులో కూర్చుంటే ఎదురుగా బానెట్ తప్ప దారి కనపడదు. హబ్బులు లాక్ చేసి, బండి ఆపి న్యూట్రల్‌లో వేసి లీవరు లో రేంజ్‌కు లాగాను. ఎన్‌వీ271 లో రేంజ్ 2.72. గేర్‌బాక్స్ మొదటి గేరు 2.71, ఇరుసు 4.30, మూడూ గుణిస్తే దాదాపు 32. లో రేంజ్ లేకపోతే అది 11.7 మాత్రమే. ఆ తేడా కాలికి తెలుస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి మనిషి నడకతో దిగుతుంది, ఇంజినే పట్టి ఆపుతుంది. సగం దూరంలో ఎదురుగా జీపు వచ్చింది. ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది ఇక్కడి పద్ధతి. వెనక సీట్లోని స్నేహితుడు దిగి చేతులు ఊపుతూ దారి చూపిస్తే, వెడల్పున్న చోటు దాకా రివర్స్‌లో వెళ్లాను. ఆ జీపు ఆయన దాటుతూ అద్దం దించి, ఈ చర్చి బండి ఇక్కడికెలా వచ్చిందని అడిగాడు.

తారు రోడ్డు తగలగానే ఫోర్‌వీల్ నుంచి తీసేయాలి. ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మంచులో, మట్టిలో టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది, పొడి తారు మీద సర్దుకోదు. బండి బిగదీసుకుపోయి, లీవరు కూడా రాదు.

ఇక నష్టాలు. మైలేజ్ ముందే అంతంత మాత్రం, ఇప్పుడు గ్యాలన్‌కు పది మైళ్లు వస్తే పండగ. మలుపు తిరగడానికి ఎక్కువ స్థలం కావాలి, కాస్ట్‌కో స్టోరు పార్కింగ్‌లో చివరి వరసే దిక్కు. అమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఎక్కడానికి చిన్న స్టూలు వేశాం, "లారీ కొనుక్కోవాల్సిందిరా" అంది. ఖర్చు లెక్క వేస్తే కంపెనీ వాళ్లకిచ్చే దాంట్లో సగం లోపే అయింది, పనిముట్ల అద్దె, పాత ట్రక్కు తుక్కు అమ్మగా వచ్చింది అన్నీ కలిపి. నా శ్రమకు గంటకు ఇంతని కట్టుకుంటే ఆ మిగులు నిలవదు. డబ్బు మిగులుతుందని మాత్రం ఈ పని చేయొద్దు. లోడు లాగాలి, రోజూ ఆఫీసుకు వెళ్లాలి అనేవాళ్లు అసలే వద్దు.

మిగిలింది వెనక డిఫరెన్షియల్. మాది ఓపెన్ రకం. ఫోర్‌వీల్‌లో వేసినా ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం గాల్లో తేలితే మిగతా రెండూ కదలవు, ఆ గాల్లో ఉన్నవే తిరుగుతాయి. ఓఫిర్‌లో ఒకచోట అలాగే అయింది, ఒక రాయి పెట్టి గట్టెక్కాం. వెనక లిమిటెడ్ స్లిప్ వేయాలా, గాలి ఒత్తిడితో రెండు చక్రాలనూ కలిపి బిగించే ఎయిర్ లాకర్ వేయాలా అని చూస్తున్నాను. మంచు రోడ్డు మీద వెనక రెండు చక్రాలూ ఒకేసారి జారితే వ్యాను పక్కకు తిరుగుతుంది కాబట్టి, కావాల్సినప్పుడే పట్టే లాకర్ వైపే మొగ్గు. కాలనీ సంఘం వాళ్లను ఇంకా అడగలేదు.